చింతపండు జాడీ కింద మసి కాగితం

అందరూ ఇప్పుడు ఆయన్ని ప్రొఫెసర్ గారు అంటారు. నేను వాడు అనే అంటాను. నాకంటే నాలుగేళ్లు చిన్న. కామాటిపురలో, వరసగా ఒంటిగది ఇళ్లుండే మా చాల్‌లోనే ఉండేవాడు. మా ఖోలీ తలుపు తీస్తే గ్యాలరీకి అవతలి వైపు వాళ్ల ఖోలీ కనిపించేది. నన్ను అక్కా అని పిలిచేవాడు. కాబట్టి ఆ మాత్రం హక్కు నాకుంది. అసలు కారణం అది కాదులెండి. గారు అనడానికి నాకు నోరు రాదు. వాడి మీద నాకు కుళ్లు. ఈ మాట ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక.

మేం పాత కామాటీలం. మా ముత్తాతల కాలంలో ఈ ఊరికి గోడలు కట్టడానికి వచ్చి, ఆ గోడల మధ్యే ఉండిపోయినవాళ్లం. మా నాన్న మేస్త్రీ. వాడి తండ్రి పాలమూరు నుంచి నిన్న కాక మొన్న వచ్చిన కూలీ, మా నాన్న కట్టే గోడలకు ఇటుకలు మోసినవాడు. ఈ తేడాను చాల్‌లో ఎవరూ నోటితో అనేవారు కాదు, అందరూ పాటించేవారు. మా అమ్మ పాలమూరు వాళ్లతో నవ్వుతూ మాట్లాడేది, పండక్కి వాళ్లింటికి పూరణ్‌పోళీ బొబ్బట్లు పంపేది. మా గడప దాటి వంటమూలలోకి మాత్రం వాళ్లను రానిచ్చేది కాదు. వాడు మా గిన్నె తిరిగి ఇవ్వడానికి వస్తే గడప దగ్గరే ఆగి చెయ్యి చాచేవాడు. మేం దాన్ని మర్యాద అనుకునేవాళ్లం.

ఆ వంటమూలలోకి నేనూ వెళ్లేదాన్ని కాదు. నాది వేరే కారణం. నేను చదువుకునే పిల్లను. "కత్తిపీట ముందర కూసుంటే చెయ్యి తెగుతది, చెయ్యి తెగితే పరీక్ష ఎట్ల రాస్తవ్?" అని అమ్మ నన్ను లేపేసేది. అలా లేపేస్తూనే ఎమ్మెస్సీ అయిపోయింది. ఎనభై ఒకటో ఏటికి నేనొక మెడికల్ కాలేజీలో, మందులు ఒంట్లో ఏం చేస్తాయో చూసే ఫార్మకాలజీ విభాగంలో, డిమాన్‌స్ట్రేటర్‌ని. తాత్కాలిక ఉద్యోగం. అక్కడ నా ఇల్లెక్కడ అని అడిగితే గ్రాంట్ రోడ్ అనేదాన్ని. కామాటిపుర అంటే అందరికీ గుర్తొచ్చేది పక్క సందుల్లోని సానివాడలే, ఆ పేరు వింటే మొహాలు ఎలా మారతాయో నాకు తెలుసు. ఇరవై ఆరేళ్లు వచ్చినా ఉప్పుడబ్బా ఏ అరలో ఉంటుందో మాత్రం తెలియదు.

నా పని ఇది. గినీ పిగ్ చిన్నపేగు ముక్కను గోరువెచ్చని ఉప్పునీళ్ల గొట్టంలో వేలాడదీస్తే అది కొన్ని గంటలు బతికే ఉంటుంది. హిస్టమిన్ అనే మందు చుక్క వేస్తే ముడుచుకుంటుంది. దానికి దారంతో కట్టిన పుల్ల పైకి లేచి, మెల్లగా తిరుగుతున్న డ్రమ్ము మీద గీత గీస్తుంది. డ్రమ్ముకు చుట్టిన నున్నటి కాగితానికి ముందే కిరోసిన్ దీపం మంట మీద మసి పట్టిస్తాం. నల్లటి మసి మీద తెల్లటి గీత. పేగు ఎంత గట్టిగా ముడుచుకుంటే గీత అంత ఎత్తు. పనయ్యాక ఆ మసి రాలిపోకుండా కాగితాన్ని స్పిరిట్‌లో కరిగించిన లక్కలో ముంచి, తాడు మీద ఆరేస్తాం. అప్పటికి రంగుల పెన్నులతో గీసే యంత్రాలు మా దాకా రాలేదు.

హెడ్ సార్ నాకొక చెట్టు బెరడు కషాయం ఇచ్చాడు. అది హిస్టమిన్‌ను అడ్డుకుంటుందని రుజువు చేస్తే పీహెచ్‌డీ. ముందు హిస్టమిన్ ఒక్కటే నాలుగైదు సార్లు వేసి, గీతలన్నీ ఒకే ఎత్తులో వస్తున్నాయని చూసుకోవాలి. అప్పుడు కషాయం వేసి, రెండు నిమిషాలు ఆగి, మళ్లీ హిస్టమిన్ వేసి, గీత ఎంత తగ్గిందో కొలవాలి. మొదట్లోనే గీతలు ఎగుడుదిగుడుగా వస్తే ఆ పేగు పనికిరాదు, ఆ కాగితమూ పనికిరాదు.

పనికిరాని దాన్ని పారేయడంలో నాకు మొహమాటం లేదు. అది మా నాన్న పెంపకం. దారానికి గుండు కట్టి గోడ పక్కన వేలాడదీసి, వేలెడు వంకర కనిపిస్తే ఎంత కట్టినా కూల్చేసేవాడు. "వంకర గోడతోని మాట్లాడొద్దు బిడ్డ. ఎందుకు వంగినవ్ అని అడుగొద్దు. కూలగొట్టు, మళ్ల కట్టు" అనేవాడు. సరిగా గీయని పేగును నేనూ అలాగే తీసి పారేసేదాన్ని. లక్కలో ముంచే ముందు కాగితం మూల సూదితో "పనికిరాదు" అని గీకి, తేదీ వేసి, ఓ పక్కన పడేసేదాన్ని. పనికొచ్చేవి పదికి మూడు.

మిగిలిన ఏడూ మా అమ్మకు పండగ. లక్క పట్టిన కాగితం నూనె పీల్చదు, బొద్దింకలు అంటవు, తడిగుడ్డతో తుడిస్తే అద్దంలా మెరుస్తుంది. అమ్మ వాటిని మా వంటమూల అరల్లో పరిచింది. పక్కింటావిడ చూసి అడిగింది, ఆమెకో నాలుగు ఇచ్చింది. ఏడాది తిరిగేసరికి మా గ్యాలరీలో డబ్బాల కింద నా మసి కాగితం లేని ఇల్లు లేదు. "మా పిల్ల కాలేజీల గీసిన కాయిదం" అని అమ్మ గొప్పగా పంచేది. పారేసినవి అని ఎన్నిసార్లు చెప్పినా వినేది కాదు.

వాడిని ఆ విభాగంలోకి తెచ్చింది నేనే. బీఎస్సీ చేసి ఖాళీగా తిరుగుతుంటే, మసి పట్టడానికి, గాజుసామాన్లు కడగడానికి మనిషి కావాలన్నారని చెప్పి తీసుకుపోయాను. మొదటిరోజు బస్సులో భయపడుతుంటే ధైర్యం చెప్పాను. ఇల్లెక్కడ అని హెడ్ సార్ అడిగితే వాడు "కామాటిపుర, సార్" అన్నాడు, టైం ఎంత అంటే చెప్పినట్టు. సార్ తల ఊపి పనిలో పెట్టుకున్నాడు. మొహం ఏమీ మారలేదు. నాకు అక్కడే మొదటిసారి చిన్నగా మండింది.

వాడు పట్టిన మసి పల్చగా, ఒకే తీరుగా ఉండేది. నేను పట్టింది చారలు చారలుగా ఉండేది. "ఏం జేస్తవ్ రా దీనికి?" అని అడిగాను. "రొట్టె తిప్పినట్టు తిప్పాలె అక్కా. ఒక్క దగ్గర ఆగొద్దు" అన్నాడు. వాళ్లమ్మ తెల్లారకముందే బిల్డింగు పనికి పోయేది. ఇంట్లో వంటంతా వాడే. పొద్దున కిటికీలోంచి చూస్తే వాడు స్టవ్వు ముందు జొన్నరొట్టె తడుతూ కనిపించేవాడు. ఎదురుగా కంటి ఎత్తులో అర. ఆ అరలో నా కాగితాలు.

ఓ రోజు ల్యాబ్‌లో నా వెనక నిలబడి అడిగాడు.

"అక్కా, ఒక్క మాట. పెద్ద చుక్క వేసినంక, తర్వాతి గీత ఎందుకు చిన్నగైతది?"

"పేగు చచ్చిపోతున్నది."

"చచ్చినోడు లేస్తడా? మా ఇంట్ల కారప్పొడి డబ్బా కింద కాయిదం ఉన్నది. రెండోది పడిపోయింది, మూడోది ఇంకా పడిపోయింది. నువ్వు అన్నం తిని వచ్చినంక వేసింది మళ్ల నిలువునా లేసింది. టైములు నువ్వే రాసినవ్."

"నీ పని మసి పట్టుడు. పట్టు పో."

వాడు పోయాడు. అంతటితో ఊరుకుంటాడనుకున్నాను. ఆ ఆదివారం నుంచి వాడు చాల్‌లో ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టాడు. ఒక నోట్‌బుక్, పెన్సిలు. అమ్మా, పెద్దమ్మా అని పిలిచి, అరల మీద డబ్బాలు ఒక్కొక్కటీ ఎత్తి, కింద కాగితం చదివి రాసుకుని, మళ్లీ ఎక్కడి డబ్బా అక్కడ పెట్టేవాడు. చివరి ఖోలీ ముసలమ్మ, "ఏంది రా, నా పప్పు డబ్బాల కింద దొంగసొమ్ము దాసిన్నా?" అని ఏడిపించేది. ఆడవాళ్లంతా చుట్టూ చేరి నవ్వేవారు. వాడూ నవ్వుతూ చెప్పేవాడు.

"పొద్దుగాల నల్ల వస్తే, నీళ్లొచ్చినయ్ అని ఒకలు ఒర్లుతరు గదా పెద్దమ్మా. ఒక్కపారి ఒర్లితే అందరు బిందెలు పట్టుకొని ఉరుకుతరు. ఊకె ఊకె ఒర్లితే?"

"ఎవ్వరు లేవరు. ఒర్లనియ్ అని పండుకుంటరు."

"గంతే. చచ్చిపోయిన్రా? లేదు. చెవులు మూసుకున్నరు. కొంచెంసేపు ఊకుంటే మళ్ల లేస్తరు. పేగు గూడ గట్లనే."

ముసలమ్మకు అర్థమైంది. గ్యాలరీలో బట్టలు ఆరేస్తున్న నాకూ అర్థమైంది. కణం మీద మందును గుర్తుపట్టి లోపలికి కబురు పంపేవాటిని రిసెప్టర్లు అంటారు. అవి అలా చెవులు మూసుకుంటాయని నేను పుస్తకంలో చదివాను, పరీక్షలో రాశాను, మార్కులూ తెచ్చుకున్నాను. నా చేత్తో గీసిన కాగితం మీద మాత్రం దాన్ని చూడలేదు, పేగు చచ్చిపోయింది అన్నాను. పిండిన చీరనే మళ్లీ పిండాను. నిజం చెప్తున్నాను, ఆ క్షణంలో వాడికి జ్వరం వచ్చి మంచాన పడితే బాగుండు అనుకున్నాను.

నెల తర్వాత గడప దగ్గర నిలబడి అసలు సంగతి చెప్పాడు.

"అక్కా, నీ బెరడు కషాయం అడ్డం పడుతలేదు. కాపాడుతున్నది. కషాయం వేసిన కాయిదాలల్ల రిసెప్టర్లు తక్కువ అలిసిపోతున్నయ్. కొంచెమే తేడా, కానీ ఉన్నది. ఆ కాయిదాలు నాకిస్తవా? నేను మళ్ల చేసి చూస్త."

నేను నవ్వాను. ఎంత వెటకారంగా నవ్వానో నాకు గుర్తుంది. "తీస్కపో రా. చెత్త ఎవరు తీస్కపోతే ఏంది?" అన్నాను. అమ్మ లోపల్నుంచి, "అన్ని ఇయ్యకు, మా అరలకు సాలయ్" అంది. వాడు మా అరలు చూస్తానని అడగలేదు. మా ఇంట్లో అడిగే అలవాటు వాడికి లేదు. చాల్‌లో వాడు చూడని అరలు మావే.

ఏకు మేకైంది. వాడు నేరుగా హెడ్ సార్ దగ్గరికి పోయాడు. సార్ నోట్‌బుక్ మొత్తం చదివి, ఆ వారమే వాడికి ఎమ్మెస్సీ సీటుకు కాగితాలు రాశాడు. తర్వాత పరిశోధనకూ పెట్టుకున్నాడు. మసి పట్టేవాడు నా పక్క బల్ల దగ్గర సొంత డ్రమ్ముతో కూర్చున్నాడు. నన్ను మాత్రం అక్కా అనడం మానలేదు. మధ్యాహ్నం డబ్బా విప్పితే సగం రొట్టె నా వైపు జరిపేవాడు. నేను తినేదాన్ని, బాగుండేది. వాడి వంట బాగుండటం కూడా నాకు కష్టంగా ఉండేది.

ఎనభై అయిదులో విభాగంలో లెక్చరర్ పోస్టు ఒకటి పడింది. ఒక్కటే, పర్మినెంటు. నాలుగేళ్లుగా దాని కోసమే కాచుకుని ఉన్నాను. నాన్నకు మోకాళ్లు పోయాయి, ఇక పరంజా ఎక్కలేడు. ఆ ఉద్యోగం రాకపోతే మా ఇల్లు గడవదు. అది నిజమే, అయినా నాకు దానికంటే పెద్ద బాధ, వాడికి రాకూడదని. హెడ్ సార్ ఇద్దరినీ పిలిచి ఉన్నమాట మరాఠీలో చెప్పాడు. నాది చెప్పినట్టు చేసిన పని, లోపం లేదు, కొత్తా లేదు. వాడిది కొత్త ఆలోచన, కానీ తేడా మరీ కొంచెం. కషాయం రిసెప్టర్లను కాపాడుతున్నట్టు స్పష్టంగా కనిపించే కాగితం ఒక్కటి, ఇంటర్వ్యూ లోపు చూపిస్తే వాడికి సిఫారసు చేస్తాడు. లేకపోతే నాకు.

వాడు రాత్రీపగలూ పడ్డాడు. కషాయం రెట్టింపు చేశాడు, మూడింతలు చేశాడు. వారానికి ఇచ్చేది ఒక్క గినీ పిగ్. ప్రతిసారీ కొంచెమే తేడా. తాడు మీద వాడి కాగితాలు ఆరుతుంటే నేను వాడికంటే ముందు వెళ్లి చూసేదాన్ని. తేడా పెరగలేదని తెలిశాక నా బల్ల దగ్గరికి వచ్చి స్థిమితంగా కూర్చునేదాన్ని.

ఇంటర్వ్యూకు పది రోజులుందనగా అమ్మ నల్ల దగ్గర జారిపడింది. కుడి మణికట్టు విరిగింది, కట్టు కట్టారు. ఆ ఆదివారం పొద్దున, పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నేను పులుసు పెట్టడానికి వంటమూలలోకి వెళ్లాను. అమ్మ మంచం మీద నుంచి చెప్తోంది, "చింతపండు జాడీ పై అరల, వెనకకు." జాడీ బరువుగా ఉంది. రెండు చేతులతో ఎత్తి కిందపెట్టాను.

జాడీ ఉన్నచోట కాగితం మీద గుండ్రటి మరక. ఆ మరకకు అటూ ఇటూ ఆరు గీతలు. పెద్ద మోతాదు, ఆరుసార్లు, వెంటవెంటనే. ఆరూ ఒకే ఎత్తు. మా నాన్న గుండు వేసి కట్టినట్టు నిటారుగా ఉన్నాయి. ఒక్కటి కూడా అలిసిపోలేదు.

మూల నా గీకుడు ఉంది. కషాయం వేసి మర్చిపోయాను, అరగంట, పనికిరాదు. తేదీ. చదవగానే ఆ రోజు గుర్తొచ్చింది. ఈ పోస్టు పడబోతోందని మొదటిసారి నోటీసుబోర్డు మీద పెట్టిన రోజు. ఎవరో చెప్తే, గొట్టంలో కషాయం వేసి అలాగే వదిలేసి కిందికి పరుగెత్తాను. అరగంట ఆ బోర్డు ముందే నిలబడ్డాను. తిరిగొచ్చి, పేగు ఇంకా బతికుందా అని పెద్ద చుక్కలు వెంటవెంటనే వేసి చూశాను, పద్ధతి తప్పింది కదా అని పారేశాను. పద్ధతిలో రెండు నిమిషాలు అని ఉంది మరి. కషాయానికి కావలసింది మోతాదు కాదు, సమయం. అరగంట నానితే రిసెప్టర్లు అసలు చెవులు మూసుకోవు. వాడు వెతుకుతున్న కాగితం ఇదే. వాడు అడుగుపెట్టని ఇంట్లో, నేను అడుగుపెట్టని మూలలో, పులుపు మరకతో కూర్చుని ఉంది.

కిటికీలోంచి వాడు కనిపిస్తున్నాడు. రొట్టె తడుతున్నాడు. గ్యాలరీ దాటితే పన్నెండు అడుగులు. ఒరేయ్ అని పిలిస్తే చాలు.

"దొరికిందా?" అంది అమ్మ.

"దొరికింది" అన్నాను.

నేను ఏం చేశానో చెప్తాను. తలలోంచి పిన్ను తీసి, ఆ మూల పనికిరాదు అన్న మాటను అడ్డంగా గీకి కొట్టేశాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ సరిగా చెప్పలేను. ఆ మాట నేను అననట్టు చేయాలనిపించింది. లక్క లేచిపోయి కింద కాగితం తెల్లగా బయటపడింది. నాది అని సార్‌కు చూపించవచ్చు కదా అంటారేమో. చూపిస్తే వాడి మాట నిజమని నా చేత్తో నేనే రుజువు చేసినట్టు. వాడికి ఇవ్వను, నేను వాడుకోను. అమ్మ పెట్టా పెట్టదు, అడుక్కు తినానివ్వదు అంటారే, ఆ అమ్మను నేనే. కావలసినంత చింతపండు తీసుకుని, జాడీని మళ్లీ ఆ మరక మీదే పెట్టాను. ఆ రోజు పులుసు ఎవరూ తినలేకపోయారు.

పోస్టు నాకే వచ్చింది. అమ్మ చెయ్యి ఇంకా కట్టులోనే ఉంది కాబట్టి చాల్ అంతటికీ తీపి చేసింది వాడే. పెద్ద గిన్నెడు రవ్వ షీరా, జీడిపప్పు వేసి, వాళ్ల స్టవ్వు మీద చేసి, మా గడప దగ్గర పెట్టి, "అక్కా, నీ చేత్తోని పంచు" అన్నాడు. వాడి మొహంలో బాధ ఉంది. ఏడుపు లేదు. ఏడుపంటే మాలో ఓర్వలేనితనం. వాడి మీద నేను ఏడ్చిన ఏడుపులో పావలా వంతు వాడు నా మీద ఏడ్చినా నాకు ఊపిరాడేది.

తర్వాత రెండేళ్లు వాడి కాగితాలు ఆరడం చూశాను. మోతాదు పెంచడం మానేసి సమయం పెంచడం మొదలుపెట్టాడు. రెండు నిమిషాలు, మూడు, నాలుగు. మధ్యలో కషాయం అయిపోయింది. కొత్త బెరడు తెప్పించడానికి ఒక వానాకాలం మొత్తం పోయింది. పది నిమిషాల దగ్గర ఉన్నప్పుడు హెడ్ సార్ జంతువులను వృథా చేస్తున్నావని అందరి ముందూ కేకలేశాడు. వాడు తల వంచుకుని విన్నాడు. నేను పక్క బల్ల దగ్గర పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. అరగంట ఉంచు రా అని ఒక్క మాట, పెదవుల దాకా వచ్చేది. వచ్చి ఆగిపోయేది. పదిహేను దగ్గర తేడా కనిపించింది. ఇరవై అయిదు దగ్గర గీతలు సమానమయ్యాయి. ఆ రోజు తాడు మీద తడికాగితం చూసి, ఎవరూ రాకముందే బాత్‌రూంలోకి వెళ్లి నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చాను. వాడు గెలిచినందుకు సగం. నేను దాచింది కూడా వాడిని ఆపలేకపోయినందుకు సగం.

అది అచ్చయింది. వాడికి వేరే ఊళ్లో పెద్ద సంస్థలో ఉద్యోగం వచ్చింది. రిసెప్టర్ చెవులు మూసుకున్నాక కణం లోపల ఏమవుతుంది, కబురు ఎక్కడ ఆగుతుంది, మళ్లీ ఎవరు తెరుస్తారు అంటూ లోపలికి పోతూనే ఉన్నాడు. లైబ్రరీకి పత్రికలు రాగానే నేను ముందు వాడి పేరు వెతికేదాన్ని. కనిపించకపోతే హాయిగా ఉండేది. ఎక్కువసార్లు కనిపించేది. నేను పిల్లలకు మసి పట్టడం నేర్పిస్తూ ఉండిపోయాను.

ఎనభై తొమ్మిదిలో మా చాల్‌కు మరమ్మతులని ఖాళీ చేయిస్తే మేం వర్లిలో, మన తెలుగువాళ్లున్న ఇంకో చాల్‌కు మారాం. సామాన్లు సర్దింది అమ్మే. నాన్న అప్పటికి లేడు. కొన్నేళ్లకు వాడు ఏదో పనిమీద ఊళ్లోకి వచ్చి, వెతుక్కుంటూ మా ఇంటికి వచ్చాడు. రీడర్ అయ్యాడట. చెప్పులు బయట విడిచి, అలవాటుగా గడప దగ్గర ఆగాడు.

"లోపలికి రా బిడ్డా, గాడ నిలబడ్డవేంది?" అంది అమ్మ. కాలం మారిందో, వాడు రీడర్ అయ్యాడనో, అమ్మకు కళ్లు సరిగా కనబడకో, నాకు తెలియదు. వాడు లోపలికి వచ్చి అమ్మ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. కాసేపటికి నేను టీ పెడదామని లేచాను.

"నువ్వు కూసో అక్కా. నీ చాయ్ నాకెరుకే" అని నవ్వి వాడే లేచాడు. అమ్మ కూడా నవ్వింది. "చక్కెర పై అరల ఉన్నది, జాడీ వెనక" అంది.

నేను లేచేలోపు వాడు జాడీ ఎత్తాడు.

అమ్మ పాత అరల కాగితాలన్నీ చుట్ట చుట్టి తెచ్చి, కొత్త ఇంట్లో కూడా ఎక్కడివక్కడ పరిచింది. నాకు తెలుసు. ఎన్నోసార్లు తీసి చింపేద్దామనుకున్నాను, చేతులు రాలేదు. నా జన్మలో నేను గీసిన మంచి గీతలు అవే.

వాడు జాడీని ఒక చేత్తో పొట్టకు ఆనించి పట్టుకుని, రెండో చేతి వేలితో, కాగితానికి తగలకుండా, ఎడమ నుంచి కుడికి ఒక్కొక్క గీత మీదుగా పోయాడు. ఆరు. తర్వాత మూలకు వంగాడు. అరగంట అన్నది చదివాడు. తేదీ చదివాడు. కొట్టేసిన మాట దగ్గర వేలు ఆగింది. అక్కడ లక్క లేచిపోయి ఉంది. లక్కలో ముంచకముందు మసి మీద గీకినదీ, లక్క ఆరాక పిన్నుతో గీకినదీ వేరుగా కనిపిస్తాయి. వాడికంటే బాగా అది ఎవరికి తెలుసు? నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను. తిట్టరా, అడుగురా, ఆ జాడీ నా నెత్తిన వేసి కొట్టరా అని మనసులో బతిమాలుకున్నాను. తిడితే ఇద్దరం సమానమవుతాం.

స్టవ్వు మీద నీళ్లు మరుగుతున్నాయి. వాడు చక్కెర డబ్బా తీసుకుని, జాడీని మెల్లగా, కొంచెం అటూ ఇటూ జరిపి, సరిగ్గా ఆ గుండ్రటి మరక మీదే పెట్టాడు. నా వైపు తిరగలేదు.

"అక్కా, నీకు రెండు చెంచలేనా?" అన్నాడు.

"రెండే" అన్నాను.